బేచిరాకు

3 ఫిబ్రవరి 1946, కారంపూడి

సుద్దలగుంట వెళ్లొచ్చాను. పల్లెల శీర్షికకి ఆ ఊరి చరిత్ర, జనాభా కావాలని ఎడిటర్ రాశాడు. పదమూడు కొంపలు. నాపరాళ్ల గోడలు, బోద కప్పులు. తలలు నేనే లెక్కపెట్టాను. 61. రేషన్ కార్డు ఒక్కరికీ లేదు, అది లేనిదే కిరసనాయిలు రాదు.

మార్తమ్మ అనే ముసలామె 62 రాసుకోమంది. కోడలు రాహేలుకి ఆరో నెల. పుట్టాక రాస్తానన్నాను. నీ లెక్క నీ ఇష్టం అయ్యా, మంత్రసానిని నేనే, పోయినసారి చీకట్లో తడుముకుంటా బిడ్డని పోగొట్టాను, ఈసారికి ఒక్క సీసా కిరసనాయిలు ఇప్పించు చాలు అంది.

4 ఫిబ్రవరి

కరణం ధనుంజయరావు గారు రికార్డు చూపించారు. 1833 కరువులో సుద్దలగుంట ఖాళీ అయింది. అప్పటినుంచి రికార్డులో బేచిరాకు గ్రామం, అంటే జనం లేని ఊరు. మాటకి అర్థం కూడా ఆయనే చెప్పారు. బే అంటే లేని, చిరాగ్ అంటే దీపం. సీసా సంగతి అడిగితే, దీపమే లేని ఊరికి కిరసనాయిలెందుకండీ రిపోర్టరు గారూ అని పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ కొంచెం నవ్వాను.

నలభై ఒకటి సెన్సస్‌లో ఈ తలల్ని పక్క ఊళ్లో కలిపేశారట.

11 ఫిబ్రవరి

పాదిరిగారి రిజిస్టర్ చూశాను. సుద్దలగుంటలో మొదటి బాప్తిస్మం 1879. మార్తమ్మ తండ్రి. అంటే అరవై ఏడేళ్లుగా అక్కడ దీపం ఉంది.

2 మార్చి

అచ్చయింది. ఒక్క అంకె తప్పు పోలేదు. పత్రిక తీసుకెళ్లి చదివాను. మార్తమ్మ ఊరి పేరు రెండుసార్లు చదివించుకుంది. ఆమె కొడుకు ఏసోబు మాత్రం, ఇప్పుడు ఏందయ్యా అయ్యేది అన్నాడు. కార్డులొస్తాయన్నాను. తాలూకాఫీసుకి అర్జీ నేనే రాశాను.

29 మార్చి

జవాబు లేదు.

18 ఏప్రిల్

జవాబు వచ్చింది. నాకు కాదు. ఏసోబు నోటీసు తెచ్చి చదవమన్నాడు. బేచిరాకు గ్రామంలో భూమి సర్కారుదట. పత్రికలో ప్రకటించిన ప్రకారం ఆక్రమణ కొంపలు 13, ఆక్రమణదారులు 61, ఆక్రమణ 1879 నుంచి. పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలి.

అన్నీ నా అంకెలే.

కరణం గారి దగ్గరికి పరుగెత్తాను. ఇన్నాళ్లూ చూసీచూడనట్టు పోయాం, మీరు అచ్చేశాక మేం గుడ్డివాళ్లమని ఎట్లా చెప్పుకోవాలండీ అన్నారు.

ఏసోబు వీధిలోనే నిలబడి ఉన్నాడు. మమ్మల్ని లెక్కపెట్టమని ఎవురడిగారయ్యా, మాయమ్మ సీసా అడిగింది, అంతేగదా అన్నాడు.

నా గదిలో లాంతరు ఉంది. డబ్బాలో సగం దాకా కిరసనాయిలు ఉంది. ఫిబ్రవరిలోనూ ఉంది.

6 మే

సుద్దలగుంట. జనాభా 0. రికార్డు కరెక్ట్.

27 మే, చిలకలూరిపేట

జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర ఏసోబు దొరికాడు. రాహేలుకి కాన్పు దారిలోనే, బండి కింద అయిందట. మిట్టమధ్యాహ్నం. ఆడపిల్ల. బతికింది. నేను కనిపిస్తే, దీపం అక్కర్లేకపోయిందని చెప్పమందట మార్తమ్మ.

నేను నింపి తెచ్చిన సీసా నా సంచిలోనే ఉంది.