గుద్దితే గెలిచే ఆట

కొడుకా, నేడు నీ తిథి. వెళ్ళిపోయినవారిని గోత్రనామాలతో పిలిచి అన్నం పెట్టే పుణ్యదినం.

నీ బిడ్డ ఫోన్‌లో కార్ల ఆట ఆడుతున్నది. ఎదుటి కారును ఎంత గట్టిగా గుద్దితే అన్ని పాయింట్లట. తునాతునకలైన కారు మరుక్షణమే కొత్తదానిలా లేస్తుంది. చావెరుగని ఆ వాహనాన్ని నేను నమ్మను. ఆ వేగం ఆమె చేతులకు అంటుకుందేమోనని అనుమానం. అందుకే ఈ ఉదయం అరటి ఆకులకు కోరుట్ల వెళ్తుంటే, స్కూటీ వెనక కూర్చుని యాక్సిలరేటర్ తిప్పే ఆమె మణికట్టునే కనిపెట్టి చూశాను.

నీ బండి పడిన మలుపు వచ్చింది. సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయాయి.

"ఇంత మెల్లగనా, బిడ్డా?"

"గేమ్‌ల కారు మల్ల లేస్తది తాతా. బాపు లేచిండా?"

అనుమానం పూర్తిగా తీరలేదు. రేపూ వెనక కూర్చుంటాను. ఈ దారిన బయలుదేరే పిల్లలందరూ క్షేమంగా ఇల్లు చేరుదురు గాక.