సైదయ్య చేతికి పోయిన నంబర్

జీవన్,

పొద్దున ఆరున్నరకు దుకాణం లెక్కలు దాచిన ఆన్‌లైన్ స్టోరేజీని నా కొత్త ఫోన్‌లో తెరవబోతే ఓటీపీ అడిగింది. అది నీ పాత నంబర్‌కు వెళ్లింది. ఆ నంబర్‌కు ఫోన్ చేస్తే మిర్యాలగూడలో సైదయ్య అనే ఆయన ఎత్తాడు.

లేచాక దుకాణం తెరువు. కంప్యూటర్ ముట్టుకోకు, అందులోనూ ఓటీపీ లేకుండా తెరుచుకోదు. పాస్‌వర్డ్ ఊహించి కొట్టావంటే స్టోరేజీ పూర్తిగా మూసుకుపోతుంది. మూడేళ్ల బిల్లులకు మన దగ్గర వేరే కాపీ లేదు. సాయంత్రం ఐదులోగా అవి ఇవ్వకపోతే లోన్ ఫైలు వెనక్కి పంపుతామని కోదాడ బ్యాంకు వాళ్లు చెప్పారు. వాళ్లు ఫోన్ చేస్తే నువ్వు ఎత్తకు. నువ్వు ఇప్పటిదాకా చెప్పినవి చాలు.

సైదయ్యను ఓటీపీ అడిగాను. "ఎవలమ్మా నువ్వు? ఓటీపీ ఎవలకు చెప్పొద్దని బ్యాంకోళ్లు రోజూ మెసేజ్ పెడుతుండ్రు. నీ ఆధార్, దుకాణం కాయితాలు పట్టుకొని గీడికి రా. సూసినంక చెప్త" అన్నాడు. ముఖపరిచయం లేని మనిషి మన లెక్కలకు కాపలా ఉన్నాడు. ఇంట్లో మనిషివి, నువ్వు లేవు.

ఏడింటి బస్సుకు నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ పోతున్నాను. వంట చేయలేదు. ఆకలైతే హోటల్లో తిను.

పోయిన ఆదివారం ఆ నంబర్ పనిచేస్తోందా అని అడిగితే, "జేబులనే ఉందక్కా, పొద్దుగాల గూడ మోగింది" అన్నావు.

కృప

రాయడం మరిచాను. ఆ నంబర్ ఎప్పటి నుంచి మీ దగ్గరుందని సైదయ్యను అడిగాను. ఏడాదిన్నర అన్నాడు.