బొమ్మ గుర్రాలకు జుట్టు పెరగదు

ఏమోయ్,

ఇక్కడ మేమందరం క్షేమం. అందరం అంటే నేను, పాప, నీ గుర్రాలు. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను. మీ క్యాంపుకి మందుల వ్యాను ఇంకా వారానికోసారి వస్తోందా, లేక వానలకు దారి కొట్టుకుపోయి అదీ మానేసిందా? నీ ఉత్తరం మడతల దగ్గర తడిసి వచ్చింది. అయినా అక్షరాలు చెక్కుచెదరలేదు. నర్సు చేతిరాత కాబట్టి సరిపోయింది. అదే డాక్టరు రాసిందైతే తడవకముందే అర్థమయ్యేది కాదు.

మధ్యాహ్నం బేరాల్లేని వేళ షాపులోనే కూర్చుని రాస్తున్నాను. పొద్దుట్నుంచి నిలబడి కాళ్ళు పీక్కుపోతుంటే గిరాకీల కుర్చీలోనే కూలబడ్డాను. ఇన్నేళ్ళుగా వీధిలో అందర్నీ ఇందులో కూర్చోబెట్టానే గానీ, ఇంత మెత్తగా ఉంటుందని ఒక్కరూ నాకు చెప్పలేదు. ఎదురుగా అద్దంలో ఎవరో పెద్దాయన ఉత్తరం రాసుకుంటున్నాడు. బాగా అలిసిపోయినట్టున్నాడు, పాపం. తీరా చూస్తే నేనే.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు గుట్టెక్కి సిగ్నలు దొరకబుచ్చుకునేసరికి నీ వెనక నలుగురు వరసలో నిలబడి ఉంటారు. ఇక్కడ నా పక్కన పాప ఉంటుంది. "తిన్నావా?" "తిన్నాను, మీరు తిన్నారా?" అనేసరికి లైను తెగిపోతుంది. తిండి సంగతి తప్ప మనం ఇంకో సంగతి మాట్లాడుకుని చాలా కాలమైంది.

నీ ప్రశ్నలన్నిటికీ వరసగా జవాబు రాస్తాను. అయితే నాకు ఇష్టమైన వరసలో రాస్తాను, కోప్పడకు.

లేత ఆకుపచ్చ గుర్రం వచ్చింది. కొరియరతను వీధి మొదట్లోంచే "గుర్రాలాయనా, ఇంకో గుర్రం!" అని కేకేశాడు. నాకు ఈ పేరు స్థిరపడిపోయింది. అప్పుడు కుర్చీలో సగం గడ్డం గీయించుకుంటున్న కొత్త గిరాకీ ఒకాయన నురగతో సహా తల తిప్పి, "మీకు పందేలు కూడా ఉన్నాయా?" అన్నాడు. లేదండీ, ఇవి మా ఆవిడ చిన్నప్పటి బొమ్మలు, అప్పట్లో తయారీ ఆపేశారు, ఆ రోజుల్లో పిల్లలుగా ఉన్నవాళ్ళు ఇప్పుడు పెద్దవాళ్ళయి కొంటున్నారని అవే రంగులతో, అవే పెట్టెల్లో మళ్ళీ చేస్తున్నారు, ఆవిడ కొండల్లోంచి ఆర్డరు పెడుతుంది, నేనిక్కడ అందుకుంటాను అని చెప్పేసరికి మిగతా నురగ కాస్తా ఆరిపోయింది. "ఇంతకీ ఎవరు ఆడుకుంటారు?" అన్నాడు. "ఎవరూ ఆడుకోరండీ, పెట్టె విప్పకూడదు" అన్నాను. పాపం, ఆయన మళ్ళీ నురగ పెట్టమన్నాడు.

వచ్చిన రోజున పెట్టె మూలలు నలగలేదు. ముందువైపు కిటికీలా అంటించిన ప్లాస్టిక్ మీద గీతలు లేవు. తోక చివర సుడి చెదరలేదు. జూలు మాత్రం, పనివాడిగా చెబుతున్నాను, మెడ వెనక కుదుళ్ళు పలచగా నాటి పైనుంచి దువ్వి కప్పేశారు. నా దగ్గరికొచ్చే పెద్దమనుషులు కొందరు చేయించుకునేదీ అదే కాబట్టి, నేను గుర్రాన్ని తప్పు పట్టను.

నువ్వు చెప్పినట్టే ప్రతి ఆదివారం అలమర మీద పెట్టెలన్నీ దింపి, పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ రంగుల వరసలో పెడుతున్నాను. పనిలేనివాణ్ణి చూసి గుడ్డి గుర్రాలకు పళ్ళు తోముతున్నాడంటారు. నీ గుర్రాలకు కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. పాపకు బడి ఉండదని మంగళవారం సెలవు మానుకుని ఆదివారం పెట్టుకుంటే, ఆ ఒక్కటీ వాటికే పోతోందని నా ఏడుపు.

పాప బాగానే ఉంది. ముందు పన్ను ఊడింది. నవ్వితే కిటికీ తెరిచినట్టు ఉంటుంది. బడి వదిలాక పక్క షాపు టైలరమ్మ తీసుకొచ్చి తన మిషను పక్కనే కూర్చోబెట్టుకుంటోంది. పాత టేపు ఒకటి ఇచ్చిందట, అప్పట్నుంచి ఇల్లంతా కొలుస్తోంది. కుర్చీ కాలు, గుమ్మం, నా ముక్కు, ఏదీ వదలడం లేదు. నా ముక్కు కొలత చూసి "అబ్బో!" అంది. నీ పోలికే.

వంట నేనే చేస్తున్నాను. ఉప్పు మరిచిపోయిన రోజు పాప చెబుతుంది, రెండుసార్లు వేసిన రోజు నీళ్ళ బిందె చెబుతుంది. నిద్ర సరిపోవడం లేదు. ఒంటిచేత్తో ఇల్లూ షాపూ ఈడ్చుకొస్తున్నాను. నిజం చెప్పాలంటే అలిసిపోయాను. ఇది ఇంతవరకు ఏ ఉత్తరంలోనూ రాయలేదు.

షాపులో ఈ వారం పని నత్తనడకగా ఉంది. నా మంచి కత్తెర చేతిలో లేదు. పాత మొద్దు కత్తెరతో నెట్టుకొస్తున్నాను. రిటైరైన మాస్టారైతే "ఒరే, కత్తిరిస్తున్నావా, పీకుతున్నావా?" అని రెండుసార్లు అడిగారు. ఆ కత్తెర సంగతి చివర్లో చెబుతాను.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన రెండు మాటలు మిగిలాయి. ఒకటి, ఆర్నెల్ల కిందటి ఫొటోలో పాప జుట్టు ఎంతుందో ఇప్పటి ఫొటోలోనూ అంతే ఉందేమిటని. రక్తం తక్కువైందేమో పరీక్ష చేయించమన్నావు, టానిక్కు పేరు కూడా రాశావు. రెండోది, ఇంకో ఏడాది ఉండమంటున్నారు, సంతకం పెట్టనా అని. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని నువ్వనుకుంటున్నావు. నాకు మాత్రం రెండూ ఒకటే.

నువ్వు వెళ్ళిన రోజు గుర్తుందా? బడిలో పేలు పట్టాయని అంతకు ముందు రోజే పాపకు చెవుల దాకా క్రాపు కొట్టాను. నీ బస్సు కదిలాక అది రోడ్డు మీద కూర్చుండిపోయింది. ఎత్తుకుంటే జారిపోతోంది, బుజ్జగిస్తే వినడం లేదు. ఏం చెప్పాలో తోచక, "నీ జుట్టు భుజం మీద పడేసరికి అమ్మ వచ్చేస్తుంది" అన్నాను. ఊరికే అన్న మాట కాదు. జుట్టు నెలకు అర అంగుళం పెరుగుతుంది, నీ కాంట్రాక్టు ఏడాది. చెవి నుంచి భుజానికి సరిగ్గా సరిపోతుంది. ఈ లెక్కలో నేను ఎప్పుడూ తప్పలేదు. అది వెంటనే ఏడుపు మానేసింది.

ఏడాది అయింది. జుట్టు భుజం దగ్గరికి వచ్చింది. నువ్వు మాత్రం ఆనకట్ట పని మొదటి దశ ముగిసేదాకా ఉండమంటున్నారని రాశావు. నేను "నీ ఇష్టం" అని జవాబు రాశాను. ఆ ఆదివారమే పాపని కుర్చీ చేతుల మీద చెక్కపలక వేసి కూర్చోబెట్టి, "చివర్లు సమానం చేస్తాను, కదలకు" అన్నాను. భుజాన్ని తాకకుండా రెండు వేళ్ళ మేర కత్తిరించేశాను. అప్పట్నుంచి రెండు వారాలకోసారి, పెరిగినంతా తీసేస్తున్నాను. రక్తం బాగానే ఉందోయ్. టానిక్కు అవసరం లేదు. మన పాప జుట్టు బ్రహ్మాండంగా పెరుగుతోంది, పెరగకుండా చేస్తున్నది నేను.

నా మాట అబద్ధం కాకూడదని చేశాను. జుట్టు భుజం మీద పడ్డ రోజున అది గుమ్మంలో నిలబడి "అమ్మేది?" అంటే నేనేం చెప్పను? జుట్టును ఆపగలిగితే రోజులు కూడా ఆగినట్టే అనిపించేది.

మొన్న ఆదివారం పొద్దున సబ్బు కొనడానికి కొట్టుదాకా వెళ్ళి వచ్చాను. తిరిగొచ్చేసరికి గదినిండా నీ గుర్రాలు. స్టూలేసుకుని అలమర ఎక్కింది. పెట్టెలన్నీ విప్పేసి, గుర్రాలన్నిటినీ గోడవారన నిలబెట్టింది. ఆకుపచ్చదాని జూలు నిండా నూనె.

"ఏంటిది? అమ్మ విప్పొద్దంది కదా!" అని గట్టిగా అరిచాను.

అది బెదరలేదు. మెడలో టైలరమ్మ టేపు వేసుకుని ఉంది. ఆ టేపు మీద ఒకచోట ఎర్రదారం ముడి వేసి ఉంది.

"నాన్నా, ఈ ముడి ఎప్పుడేశానో తెలుసా? బడి తెరిచినప్పుడు. అప్పుడు నా జుట్టు ఇంతే ఉంది. ఇప్పుడూ ఇంతే ఉంది" అంది.

నేను చేతిలో సబ్బు స్టూలు మీద పెట్టాను.

"నిజం జుట్టు పెరుగుతుంది, బొమ్మ జుట్టు పెరగదు అని అమ్మ చెప్పింది. అమ్మ చిన్నప్పుడు వంగపువ్వు రంగు గుర్రానికి కత్తిరించేసి, రోజూ నూనె రాసి చూసిందంట. పెరగలేదంట."

ఆ కథ నువ్వు చెప్పిందే. మీ అన్నయ్య దాన్ని గుండు గుర్రం అని ఏడిపించడం, ఇల్లు మారినప్పుడు అది ఎక్కడో పోవడం, నువ్వు ఇప్పటికీ ఆ రంగుది మళ్ళీ ఎప్పుడు చేస్తారా అని కళ్ళు కాయలు కాసేలా చూడటం, అన్నీ దానికి కంఠతా వచ్చు.

ఆకుపచ్చ గుర్రాన్ని నా మొహం దగ్గర పెట్టి, జూలు పాయ తీసి చూపించింది. "ఇదిగో, వీటికి తల మీద కన్నాలుంటాయి. కన్నాల్లోంచి గుచ్చుతారు. నా తల మీద కూడా ఉన్నాయేమో చూడు నాన్నా" అని తల వంచి నా ముందు కూర్చుంది. కిందకి చూస్తూనే అడిగింది. "నాది కూడా బొమ్మ జుట్టేనా? అందుకేనా అమ్మ రావట్లేదు?"

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. రోజూ ఎన్నో తలలు చూసేవాణ్ణి, ఆ తల వంక చూడలేకపోయాను.

"పెరుగుతుందమ్మా. నేనే కత్తిరిస్తున్నాను."

"ఎంత?"

"పెరిగినంతా."

కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. అది తలెత్తి, ఊడిన పన్ను కనబడేలా నవ్వి, "అయితే నాది నిజం జుట్టే!" అంది. పెద్ద బరువు దిగిపోయినట్టు ఊపిరి వదిలింది. ఇన్నాళ్ళూ ఆ భయాన్ని తలలో పెట్టుకుని బడికి వెళ్ళిందోయ్, నా పక్కనే పడుకుంది. నాకు చెప్పలేదు. ఆ నవ్వు బదులు నాలుగు దెబ్బలు వేసినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. నేను ఏడ్చాను. అది టేపుతో నా కళ్ళు తుడిచింది.

తర్వాత అడిగింది, "అమ్మకి తెలుసా?" అని.

"తెలీదు."

"చెప్పు మరి."

అందుకే ఈ ఉత్తరం. నీ పెట్టెల ధర పోయింది, కలెక్షను చేసేవాళ్ళు విప్పిన పెట్టెను ముట్టుకోరని నువ్వే చెప్పావు. ఆ రోజంతా గుర్రాలన్నిటికీ నా చేత తల దువ్వించి జడలు వేయించింది. ఇవి నోరెత్తని గిరాకీలు కాబట్టి నాకూ బాగానే ఉంది. ఇప్పుడవి కిటికీ గట్టు మీద రోడ్డు వైపు చూస్తూ నిలబడి ఉన్నాయి. కోపం వస్తే నా మీద చూపించు, దాని మీద వద్దు.

ఇక సంతకం సంగతి. నువ్వు లేకపోతే అక్కడ పనివాళ్ళకు కట్టు కట్టే దిక్కులేదని తెలుసు. ఇక్కడ ఆసుపత్రి మూతపడ్డాక నీకు గౌరవంగా పని ఇచ్చింది వాళ్ళేనని కూడా తెలుసు. అందుకే ప్రతిసారీ "నీ ఇష్టం" అని రాశాను. అలా రాసిన ప్రతిసారీ, వచ్చేస్తున్నానని నువ్వంతట నువ్వే రాస్తావని ఎదురుచూశాను. మన వీధి చివర పిల్లల డాక్టరు నర్సు కావాలని బోర్డు పెట్టాడు. గడ్డం గీయించుకోవడానికి వచ్చి నిన్ను అడిగాడు కూడా. అది నీ పనితనానికి చిన్న ఉద్యోగమని ఊరుకున్నాను. ఈసారి ఊరుకోను. నీ ఇష్టం అని రాయను. నా ఇష్టం రాస్తున్నాను. సంతకం పెట్టకు. వచ్చెయ్.

పాప జుట్టు ఇప్పుడు భుజానికి రెండు వేళ్ళ పైన ఉంది. పొడిగించిన నీ కాంట్రాక్టు ముగిసే నెలకు సరిగ్గా భుజాన్ని తాకుతుంది. లెక్క నాది, తప్పదు.

కత్తెర సంగతి చెబుతానన్నాను కదా. ఆదివారం సాయంత్రం నుంచి కనబడలేదు. షాపంతా వెతికాను. మర్నాడు ఖాళీ పెట్టెలకు అలవాటు కొద్దీ దుమ్ము తుడుస్తుంటే, ఆకుపచ్చ గుర్రం పెట్టెలో ప్లాస్టిక్ వెనక తళుక్కుమంది. పాప దాన్ని గుర్రం స్థానంలో నిటారుగా నిలబెట్టి, మూత మీద జిగురు టేపు అంటించింది. దాన్ని నేనేమీ అడగలేదు. ఇక్కడ మొద్దు కత్తెరతో మాస్టారి చేత తిట్లు తింటున్నాను. అయినా పెట్టె విప్పకూడదన్నది నీ రూలే కదా. నేను విప్పను.

ఇట్లు,
గుర్రాలకు జడలు వేస్తూ ఎదురుచూస్తున్న
మీ ఆయన