వడ్రంగిపిట్టకు లెక్కలు రావు

బావమరిదికి,

ఆశీస్సులు. పెద్దవాణ్ణి గనక ఇవ్వక తప్పదు.

మన ఫోటోగ్రాఫర్ల సంఘం గోడ మీద నీ వడ్రంగిపిట్ట ఫోటో చూశాను. అడవిలో అది వాలే చెట్టును కనిపెట్టింది నేను. ఎదురుగా, దాక్కుని ఫోటో తీయడానికి గుడారం వేసింది నేను. మూడేళ్లుగా అందులో నడుం విరగ్గొట్టుకుంటున్నదీ నేనే. నాకు తోకైనా చూపించని పిట్ట, మొదటిసారి వచ్చిన నీకు పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నట్టు కూర్చుందా? "మీరు పుస్తకాల్లోనే పిట్టల్ని పడతారు బావగారూ" అన్నావు, నేను గుడారంలోంచి లేచి వచ్చేశాను. ఆ తరవాత ఏం ఎర వేశావు? నిజం చెప్పకపోతే సంఘానికి ఫిర్యాదు చేస్తాను.

నీ బావ

తా.క. ఆ ఫోటోకి మీ అక్క కాపీ తీయించి వంటింట్లో తగిలించింది. అప్పట్నుంచీ నేను అటు వెళ్లడం లేదు.

*

బావగారికి నమస్కారాలు.

చీమనైనా వేయలేదండీ. పిట్ట వచ్చింది మీ పుణ్యమే. మీరలా విసురుగా వెళ్లకపోతే వచ్చేదే కాదు. మిగతాది కలిసినప్పుడు చెబుతాను.

మీ బావమరిది

తా.క. గొడుగు గుడారంలో మరిచిపోయారు. కోపం మాత్రం గుర్తుగా పట్టుకెళ్లారు.

*

బావమరిదికి,

ఈసారికి ఆశీస్సులు లేవు.

నా మొహం చూసి పిట్టలు పారిపోతాయనేగా నీ భావం? నా రాతల్ని చీల్చి చెండాడిన విమర్శకులు కూడా ఇంత మాట అనలేదు. ఫిర్యాదు రాసి కవరు అంటించాను. ఎర వేసినవాణ్ణి సంఘంలో ఉంచరని నీకు తెలుసు. ఇక మన మధ్య మాటల్లేవు.

బావ

తా.క. వెంటనే జవాబు రాయి.

*

బావగారికి నమస్కారాలు.

మీ మొహం కాదండీ, మీ వీపు. మనిద్దరం గుడారంలో దూరడం పిట్ట పైనుంచి చూసింది. మీరు బయటికి పోవడమూ చూసింది. పిట్టలకు లెక్కలు రావు గదా, గుడారం ఖాళీ అయిపోయిందనుకుంది. మీరు మలుపు తిరిగేలోపే వాలింది. ఇన్నాళ్లూ మీరు ఒక్కరే వెళ్లి ఒక్కరే కూర్చున్నారు. లోపల మనిషి ఉన్నాడని దానికి తెలుసు.

నన్ను సంఘంలోంచి తీయించకండి. ఆదివారాలు నాకున్నది అదొక్కటే.

మీ బావమరిది

తా.క. ఫోటోలో కుడివైపు అడుగున మసగ్గా కనిపించేది వెళ్లిపోతున్న మీ టోపీ. కత్తిరించబుద్ధి కాలేదు. అక్క తగిలించింది కూడా అందుకే.

*

బావమరిదికి,

ఆశీస్సులు, కిందటిసారివి కూడా కలిపి.

వంటింట్లోకి వెళ్లి కళ్లజోడు పెట్టుకుని చూశాను. టోపీ నాదే. ఫిర్యాదు కవరు మీది స్టాంపు ఊడదీసి ఈ ఉత్తరానికి అంటించాను.

ఆదివారం సముద్రపొడ్డుకు రా. పాత పడవ పక్కన ఉల్లంకి పిట్టలు దిగుతున్నాయి. గుడారంలోకి ఇద్దరం కలిసే వెళదాం. ఈసారి అలిగి లేచిపోవలసింది నువ్వు.

నీ బావ

తా.క. ఊరికే లేచి వెళ్లినా పిట్టలు నమ్ముతాయని తెలుసు. అయినా నీ మీసం గురించి నాలుగు మాటలు సిద్ధంగా ఉంచాను.