పెళ్లి విందుకు గుడ్లు

ముత్తుకూరు,
27-12-1963

గౌరవనీయులైన యెహోషువ గారికి,

జయశీల వందనాలు. మీకు నేనే ఉత్తరం రాసినట్టు ఇంట్లో తెలిస్తే తిడతారు. అయినా ఇప్పుడే రాయాలి. నిన్న మా దావీదు మామ కోవూరు నుంచి వచ్చి, మీ వాళ్లకు నేను నచ్చానని, వేసవి సెలవుల్లో పెళ్లి పెట్టుకుందామన్నారని చెప్పాడు. ఒక్క షరతట, టీచరుగారి భార్య కోళ్లు మేపకూడదట. జనవరి రెండో ఆదివారం నాన్న మీ ఊరొచ్చి సరేనని చెప్పబోతున్నాడు.  

మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. ఉప్పు కొఠార్లలో నాన్న కూలి తిండికే సరిపోయేది. నన్ను నెల్లూరు హాస్టల్లో ఉంచి చదివించింది అమ్మ పెంచిన కోళ్లే. చదువయ్యాక ఇప్పుడు వాటి పని నాదే. పొద్దున గంప ఎత్తితే దిబ్బల మీదా కాలువ గట్టు మీదా తిరిగి పురుగూ గింజా ఏరుకుని, సాయంత్రం పిలిస్తే తవుడు కోసం పరిగెత్తుకుని వస్తాయి. వాటిని ముద్దు చేస్తానని అనుకోకండి. పండక్కి కోసేదీ, బొచ్చు పీకేదీ నేనే. నా చేత్తో పెంచి నలుగురికి పెట్టే పనికి సిగ్గుపడాలని మాత్రం నాకెవరూ నేర్పలేదు.

మీరు చూపులకు వచ్చిన రోజు సంగతి కూడా చెప్పేస్తాను. మీకు కోయాలని అమ్మ ఎర్ర పుంజును ముందురోజే గంప కింద మూసింది. అది బ్లాకు ఆఫీసువాళ్లు ఇచ్చిన మేలుజాతి పుంజు. దాని పిల్లలు తొందరగా బరువెక్కుతాయి. పోతే మళ్లీ దొరకదు. తెల్లారి గంప ఎత్తింది నేనే. మీ బండి వచ్చేసరికి ఇంటిల్లిపాదీ దాని వెంట పడ్డారు. నేనూ కొంగు దోపుకుని పరిగెత్తాను, పట్టుకోవడానికి కాదు, కంచె దాటించడానికి. మీ అమ్మగారు బండి దిగుతూనే, "చదివిన పిల్లన్నారే, బడిలో పరుగు కూడా నేర్పినారా?" అన్నారు. నాకు తలెత్తబుద్ధి కాలేదు. అంతలో ఆ పుంజు నేరుగా మీ కాళ్లలోకే వచ్చింది. మీరు పైగుడ్డ వేసి పట్టేశారు. అమ్మ కత్తిపీటకని లోపలికి పోయింది. మీరు నా ముఖం చూసి, పుంజును నా చేతికే ఇచ్చి, "మంచి పుంజు. దీని పిల్లల్ని తిందాం లెండి," అని మెల్లగా అన్నారు. నేను దాన్ని కంచె అవతలికి వదిలేసి, జారిపోయిందని అమ్మతో చెప్పాను. మీరంతా ఎండుచేపల పులుసుతో తిన్నారు. మీ అమ్మగారు రెండోసారి అడిగి వేయించుకున్నారు కూడా.

ఆ మాటన్న మనిషి కోళ్లు వద్దంటాడంటే నమ్మలేకపోతున్నాను. ఆ షరతు మీదా, అమ్మగారిదా, దారిలో దావీదు మామ కలిపిందా? మీదే అయితే దాచకుండా రాయండి. ఈ సంబంధం వద్దని నాన్నకు నేనే చెప్పుకుంటాను. మీది కాకపోతే అమ్మగారికి ఒక్క మాట చెప్పండి, పరుగు బడిలో నేర్పలేదు, కోళ్లు నేర్పాయని.

మూడు పెట్టలు పొదుగుకొచ్చి కూర్చున్నాయి. ఇప్పుడు వాటి కింద గుడ్లు వేస్తేనే పిల్లలు మే నెల విందుకు అందుతాయి. ఆలస్యమైతే మన పెళ్లికి మళ్లీ ఎండుచేపలే. గుడ్లు వేయమంటారో వద్దంటారో, జనవరి పదో తేదీలోగా నాకు అందేలా జవాబు రాయండి.

మీ జవాబు కోసం చూసే
జయశీల