అత్త చూపించిన మనిషి

తార్నాక, మంగళవారం రాత్రి

చూడని మనిషిని హంతకుడని వేలెత్తి చూపితే, అది హత్య కాదా? నీకు నువ్వే చెప్పుకో, ప్రార్థన కూటాల్లో గొంతు చించుకునేవాడా!

పొద్దున క్యాంపస్ లైబ్రరీలో పాత పేపర్లు తిరగేసిన. తాత హత్య వార్త దొరికింది. హెడ్ కానిస్టేబుల్ తాత మా సందులోనే గస్తీ తిరుగుతుంటే పొడిచి చంపిన్రు, మల్లయ్య అనే కూలీకి యావజ్జీవం పడ్డది. ఇదంతా తెలిసిందే. సాక్షి మాత్రం హతుని కూతురట, ఎనిమిదేండ్ల పిల్లట. అంటే మా మేనత్త!

జిరాక్స్ పట్టుకొని సంబరంగ అత్త దగ్గరికి పోయిన. ఆమె కాయితం వంక చూడనైనా లేదు.

"నేనేం చూడలే కొడుకా. అప్పుడు చీకటుండె. కోర్టుల చిన్నాయన నా చెయ్యి పిసికి, గాయనే అను అన్నడు. అట్లనే అన్న."

"ఇన్నేండ్లు చెప్పలేదేందత్తా?"

"నువ్వు మైకుల మల్లయ్యను నరకానికి తోలుతుంటివి. ఎట్ల చెప్పాల్రా?"

మల్లయ్య జైల్లోనే పోయిండు. ఆయన మనవడు హబ్సిగూడలో టిఫిన్ బండి నడుపుతడు. ఆ ఇడ్లీ ముట్టొద్దని మావాళ్లకు చెప్పింది నేనే. దొంగసాక్ష్యం మీద ఎన్ని ప్రసంగాలు చేసిన! ఇప్పుడు బైబిలు ఎక్కడ తెరిచినా నా మీదికే వస్తున్నది. తాతను చంపినోడెవడో ఇక ఎన్నటికీ...

"ఆ పిలగాణ్ణి పిలువు, నా నోటితో నేనే చెప్త" అన్నది అత్త. మొన్న ఆమె నన్నే గుర్తుపట్టలే. ఇయ్యాల తెలివిగ ఉన్నది. రేపు ఈ మాట ఆమెకే యాదుండకపోవచ్చు.

ఎనిమిదే అయింది, బండి ఇంకా ఉంటది. పెన్ను పడెయ్. లే. పోయి ఆ పిల్లవాని కాళ్లు పట్టుకొనైనా ఇప్పుడే తీసుకరా!