వాల్‌నట్ టేబుల్ మీది బొట్టు

నాన్నా,

నీ వాల్‌నట్ టేబుల్ ఈరోజు రమేశ్ అంకుల్ ఇంటికి వెళ్లిపోయింది. మహదేవపురలో ఆయన కొత్త ఫ్లాట్ కోసం నువ్వు ఎంతో ఇష్టంగా మొదలుపెట్టిందే. నువ్వు పోయాక ఒక్కసారీ రాని నీ ప్రాణస్నేహితుడు, టేబుల్ కోసం మాత్రం పోయినవారం టేపు పట్టుకుని వచ్చాడు.

కిందటి ఆయుధపూజకి నీ ఉలులతో పాటు టేబుల్ పైచెక్కకీ పసుపుబొట్టు పెట్టావు, గుర్తుందా? ఆయిల్ పట్టించని చెక్క కదా, నీ వేలిగీతలతో సహా పీల్చేసుకుంది.

"ఇదేందప్పా, మరక? గీకేసి పాలిష్ కొట్టు పాపా. మా ఇంటికొచ్చేటోళ్లంతా క్లాస్ పీపుల్," అన్నాడు ఆ మహానుభావుడు.

"సరే అన్నా, చేస్తుందిలే," అంది అమ్మ.

నేను గీకలేదు. కాళ్లకి బిగించేటప్పుడు పైచెక్కని తిరగేశాను. బొట్టు అడుగుకి పోయింది. పైవైపు నున్నగా రుద్ది ఆయిల్ పట్టించాను. అమ్మకి కూడా చెప్పలేదు.

ఈరోజు లిఫ్టులో పట్టక టేబుల్‌ని పక్కకి ఒరిగించారు. బొట్టు సరిగ్గా అంకుల్ ముఖం ముందుకొచ్చింది. చూస్తే అక్కడే గీకించేస్తాడని భయపడ్డాను. ఆయనేమో అటు చూడకుండా ఫోన్‌లో, "ప్యూర్ వాల్‌నట్ మామా, నేనే దగ్గరుండి చేయించినా," అని కోతలు కోస్తున్నాడు.

ఇక భయం లేదు నాన్నా. కాఫీ కప్పు అందుకోవడానికి తప్ప ఆయన ఆ టేబుల్ దగ్గర వంగడు.

రేపు ఆయుధపూజ. నీ ఉలులకి బొట్టు నేనే పెడతాను.

ఎవరికీ చెప్పకు.

నీ పాప